బెజవాడకి సొంత సరుకు రేవు వస్తే నడిపేదెవరు? కార్పొరేషనా, కంపెనీయా, ప్రైవేటోళ్లా?

గుంటూరు చుట్టుగుంట సెంటర్లో మా క్లియరింగ్ ఏజెన్సీ ఆఫీసు. యార్డులో కొన్న మిర్చిని కంటైనర్లకెక్కించి ఓడ దాకా పంపడం మా పని, కాబట్టి పోర్టు మాటొచ్చిందంటే మా దగ్గర టీ గ్లాసులు చల్లారిపోవాల్సిందే. బందరు పోర్టు పనులు మొదలైన కాడి నుంచీ, అంతకుముందు 2017 అక్టోబర్ 3న వెంకయ్యనాయుడు గారు బెజవాడలో ముక్త్యాల–విజయవాడ జలమార్గానికి శంకుస్థాపన చేసిన కాడి నుంచీ మా ఇంట్లో ఒకటే వాదన. మా మామయ్య కార్పొరేషన్ రెవెన్యూ సెక్షన్లో చేసి రిటైరయ్యాడు, ఆయనేమో ఊరి సొత్తు ఊరే నడపాలంటాడు. మా బావకి ఆరు లారీలున్నయ్, "కొళాయి లీకైతేనే వారం తిప్పుతారు, ఇంక క్రేన్ ఆగిపోతే ఏం చేస్తారు మామయ్యా, ప్రైవేటోడికి పడేయండి" అంటాడు. ఇద్దరి మధ్యా నేను ఇరుక్కుపోయి, అసలు ప్రపంచంలో ఊళ్ల చేతిలో ఉన్న రేవులు ఎట్టా నడుస్తున్నయ్, మనకైతే ఏది పనికొచ్చుద్ది అని కొన్నాళ్లు చదివి, తెలిసినోళ్లని అడిగి రాసుకున్నది ఇది. ఇబ్రహీంపట్నం దగ్గర రెండు బెర్తుల (ఓడ ఆగి సరుకు దించే, ఎక్కించే చోట్లు) సరుకు రేవు ఊరి పేరు మీద వచ్చిందనుకుని చదవండి, అప్పుడు లెక్క తేలిగ్గా అర్థమవుద్ది.

ముందు ఒక మాట. మన దేశంలో ఊరి పేరు మీద పోర్టు ఉండటం అనేది దాదాపు లేని ముచ్చట. విశాఖ, చెన్నై లాంటి మేజర్ పోర్టులు కేంద్రం కింద, మిగతావన్నీ రాష్ట్రం కింద, మనకైతే ఆంధ్రప్రదేశ్ మారిటైం బోర్డు. 1992లో తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో మున్సిపాలిటీలు చేయదగ్గ పనులని పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు పెట్టారు, అందులో నీళ్లున్నయ్, రోడ్లున్నయ్, శ్మశానాలున్నయ్, కబేళాలు కూడా ఉన్నయ్, రేవు లేదు. ఈ మాట చెప్తే మామయ్య రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలా. కాబట్టి ఊరికి వాటా కావాలంటే రాష్ట్రంతో కలిసి ఒక కంపెనీ పెట్టుకునే దారే మనకి మిగిలేది, అదెట్టాగో కిందకి వెళ్తే తెలుస్తది.

ఒకటో దారి: డిపార్ట్‌మెంట్ లాగా ఊరే మొత్తం నడపడం

అంటే క్రేన్లు మనవే, ఓడని రేవులోకి నడిపించే పైలట్లు మనోళ్లే, రేవు కూలీలు మన జీతం మీదే, బిల్లు మనదే. దీన్ని సర్వీస్ పోర్ట్ అంటారు. పాతకాలంలో చాలా చోట్ల ఇట్టాగే ఉండేది, మన పోర్ట్ ట్రస్టులు కూడా ఎక్కువకాలం దాదాపు ఇదే పద్ధతిలో నడిచినయ్. మంచేంటంటే చిన్న సరుకోడిని కూడా తోసెయ్యరు, ఒకే కిటికీ దగ్గర పని అయిపోద్ది. చెడేంటంటే క్రేన్ రోప్ మార్చాలన్నా ఫైలే, టెండరే, ఆడిట్టే, ఈలోపు ఓడ బయట నిలబడి రోజుకింత అని డెమరేజీ (ఆలస్యం చార్జీ) మీటర్ తిరుగుతూ ఉంటది.

అసలు జబ్బు ఇంకోటుంది. రేవు డబ్బులు ఊరి జనరల్ ఖాతాలో పడితే, ఆదాయం వచ్చిన ఏడాది రోడ్లకీ డ్రైన్లకీ వెళ్లిపోద్ది, ఇసుక మేట వేసిన ఏడాది డ్రెడ్జింగ్‌కి (అడుగున ఇసుక తవ్వడానికి) చేతిలో ఏమీ ఉండదు. అందుకే లాస్ ఏంజెలెస్ వాళ్లు చేసింది చూడాలి. అది కూడా పేరుకి సిటీ డిపార్ట్‌మెంటే, 1907 నుంచి హార్బర్ కమిషనర్ల బోర్డు ఉంది, అయిదుగురు సభ్యులు, మేయర్ పేర్లిస్తే సిటీ కౌన్సిల్ ఒప్పుకోవాలి. కానీ రేవు సంపాదన రేవు ఖాతాలోనే ఉండాలి, పన్నుల డబ్బు రేవుకి రాదు, రేవు డబ్బు సిటీ ఇష్టమొచ్చినట్టు తీసేసుకోడానికి లేదు. పక్కనే లాంగ్ బీచ్ కూడా ఊరిదే, అక్కడ పోర్టు స్థూల ఆదాయంలో 5 శాతం దాకా సిటీకి ఇస్తారు, అదీ తీరప్రాంతం పనులకే వాడాలి. మామయ్యకి ఇది బాగా నచ్చింది, "చూశావా, డిపార్ట్‌మెంటే గదా" అన్నాడు. డిపార్ట్‌మెంటే, కాకపోతే పర్సు వేరు, పైగా వాళ్లు క్రేన్లు నడపరు, అది మూడో దారిలోకి వస్తది.

రెండో దారి: ఊరి సొంత కంపెనీ

దీనికి నెదర్లాండ్స్‌లో ఉన్న రోటర్‌డామ్ చూడాలి. 2003 చివరి దాకా అక్కడ కూడా మున్సిపల్ పోర్టు శాఖే, 2004 జనవరి నుంచి కంపెనీ చేశారు, తర్వాత డచ్ ప్రభుత్వం కూడా వాటా తీసుకుంది, ఇప్పుడు సుమారుగా 70 శాతం ఊరిది, 30 శాతం దేశానిది. సముద్రాన్ని పూడ్చి కొత్త రేవు కట్టాలంటే ఊరి ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, అందుకే ఆ 30. బెల్జియంలో ఆంట్వెర్ప్ కూడా ఇదే బాట, 2022లో జీబ్రుగ పోర్టుతో కలిసిపోయింది, రెండు ఊళ్లూ వాటాదార్లు.

కంపెనీ అంటే బ్యాంకు లోను తెచ్చుకోవచ్చు, మార్కెట్ జీతమిచ్చి తెలిసినోడిని పెట్టుకోవచ్చు, బ్యాలెన్స్ షీట్ విడిగా కనపడుద్ది. కానీ కంపెనీ చేసేస్తే అంతా శుభ్రమైపోద్దని అనుకోకండి. అదే రోటర్‌డామ్‌లో పోర్టు డైరెక్టరే పైవాళ్లకి చెప్పకుండా ఒక షిప్‌యార్డు గ్రూపు అప్పులకి 100 మిలియన్ యూరోలు దాటి గ్యారంటీలు రాసిచ్చాడని బయటపడి 2004లో రాజీనామా చేయాల్సొచ్చింది. డచ్చోళ్ల దగ్గరే అట్టా జరిగితే మన దగ్గర సంతకం అధికారం ఎంత దాకా అని రాతలో లేకుండా ఎండీ కుర్చీ వేయడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లా.

మూడో దారి: ల్యాండ్‌లార్డ్, అంటే మన మిర్చి యార్డు పద్ధతి

ఇంగ్లీషు పేరు చూసి భయపడకండి, గుంటూరోళ్లకి ఇది రోజూ కళ్లముందు ఉండేదే. మిర్చి యార్డులో స్థలం మార్కెట్ కమిటీది, షెడ్లు, రోడ్లు, లైట్లు కమిటీవి, సెస్సు కమిటీకి. కొట్లు కమిషన్ ఏజెంట్లవి, మోత హమాలీలది, కోల్డ్ స్టోరేజీలు బయట ప్రైవేటోళ్లవి. కమిటీ సెక్రటరీ ఏనాడూ టిక్కీ (మిర్చి బస్తా) భుజానికెత్తుకోడు. కానీ ఏ గేటు ఎప్పుడు తెరవాలి, ఎన్ని టిక్కీలు వస్తే రేపు యార్డుకి సెలవివ్వాలి అనేది కమిటీయే చెప్పుద్ది. పోర్టులో కూడా అంతే: నీళ్లు, లోతు, అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడ, రోడ్డు, రైలు లైను, భద్రత ఓనర్ చూసుకుంటాడు, బెర్తు వెనకున్న స్థలం 30 ఏళ్లకి టెర్మినల్ కంపెనీకి లీజుకిస్తాడు, క్రేన్లు, మనుషులు, సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ పెట్టుకుంటది.

లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్, రోటర్‌డామ్, అన్నీ చివరికి చేసేది ఇదే. మన దగ్గర 2021 మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం కూడా పాత ట్రస్టుల్ని ఈ వైపే తిప్పింది, విశాఖలో అయితే 2003 నుంచే కంటైనర్ టెర్మినల్ ప్రైవేటు చేతిలో ఉంది. బందరు పోర్టు కథ కూడా చూడండి, ఒకప్పుడు ప్రైవేటు కన్సెషన్‌కి ఇచ్చారు, ఏళ్ల తరబడి కదల్లా, 2019లో రద్దు చేశారు, ఇప్పుడు ప్రభుత్వ కంపెనీయే అప్పు తెచ్చి మొదటి దశలో నాలుగు బెర్తులు, బ్రేక్‌వాటర్లు కట్టిస్తా ఉంది. 2023 మేలో పనులు మొదలైనయ్. అంటే చేతులు కాలాక ల్యాండ్‌లార్డ్ దగ్గరికి వచ్చాం.

ఈ పద్ధతిలో నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి, లేకపోతే పొగిడినట్టు ఉంటది. కొన్నేళ్ల క్రితం నవంబర్ వానల్లో రెండు 40 అడుగుల కంటైనర్ల తేజ మిర్చి, పేరు చెప్పను, ఒక పోర్టుకి పంపాం. లోపల గోడలకి క్రాఫ్ట్ పేపర్ అంటించి, తేమ లాగే సంచులు హుక్కులకి వేలాడదీసి, సీలేసి పంపాం. గేటు దగ్గర ఫారం 13లో (కంటైనర్‌ని పోర్టు లోపలికి పంపే కాగితం) ఒక సీలు నంబర్లో 8 బదులు 3 పడింది. టెర్మినల్ కుర్రాడు ప్యాడ్ మీద చూసి, సీలు మీద టార్చి కొట్టి చూసి, "సార్ మ్యాచ్ కావట్లేదు, పక్కకి పెట్టండి" అన్నాడు. పక్కకి పెట్టాం. దిద్దించుకోడానికి టెర్మినల్ వాళ్లని అడిగితే లైన్ వాళ్లని (ఓడ కంపెనీ) అడగమన్నారు, లైన్ వాళ్లు కస్టమ్స్ అన్నారు, కస్టమ్స్ ఆయన ఇది మా పని కాదు టెర్మినల్‌దే అన్నాడు, పోర్టు ఆఫీసుకెళ్తే "మేం ల్యాండ్‌లార్డ్ అండీ" అని చిన్నగా నవ్వాడు ఒకాయన. కటాఫ్ దాటిపోయింది, ఓడ వెళ్లిపోయింది, కంటైనర్లు తొమ్మిది రోజులు పగలు ఎండకి రాత్రి చలికి నిలబడినయ్. తలుపు తీస్తే సీలింగ్ మీద నీటిబొట్లు వరసగా, కంటైనర్ లోపలే వాన పడినట్టు, పైవరస టిక్కీలు మెత్తబడి నల్లమచ్చ. గ్రౌండ్ రెంటు మాత్రం కరెక్టుగా లెక్కేసి పంపారు, అందులో ఒక్క అంకె తప్పులేదు.

అప్పటి నుంచి నా నియమం ఒకటే, ల్యాండ్‌లార్డ్ అయినా సరే గేటు దగ్గర ఓనర్ మనిషి ఒకడు 24 గంటలూ కూర్చోవాలి, సంతకం పెట్టే అధికారంతో.

నాలుగో దారి: మొత్తం ప్రైవేటుకి

కృష్ణపట్నం, గంగవరం ఈ దారిలో వచ్చినవే, ఆ రెండిట్లో వాటాలు తర్వాత అదానీ గ్రూపు కొనుక్కుంది, కృష్ణపట్నంలో 2020లో 75 శాతం, 2021లో మిగతా 25. వేగం కావాలంటే దీనికి మించింది లేదు, అది ఒప్పుకోవాల్సిందే, లోతు కూడా వాళ్లే తవ్వుకుంటారు, ప్రభుత్వం జేబులోంచి పెద్దగా పోయేదీ ఉండదు. మా బావ వాదన మొత్తం ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, ప్రైవేటు రేవుకి బెర్తు గంట మీద ఎంత మిగిలిందనేదే లెక్క. బొగ్గు ఓడ బాగా మిగిలిస్తే బొగ్గుకే బెర్తు, కంటైనర్లు కావాలంటే వేరే రేవు చూసుకోవాలి, అది వాళ్ల తప్పని కూడా అనలేం, వ్యాపారం గదా. కానీ గుంటూరు మిర్చోడికి, తెనాలి బియ్యం వ్యాపారికి, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీకి ఒకే ఊరి రేవు మీద సమానంగా అవకాశం ఉండాలంటే "కామన్ యూజర్ బెర్తు, అంటే ఎవరైనా వాడుకునేది, ఒకటి ఎప్పుడూ ఖాళీగా పెట్టాలి" అని ఒప్పందంలో ముందే రాసుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే నవ్వుతారు.

కాకినాడ యాంకరేజీ గురించి కూడా రెండు ముక్కలు. అక్కడ హోప్ ఐలాండ్ చాటున ఓడ దూరంగా లంగరేసి నిలబడుద్ది, బార్జీల (సరుకు మోసే చదును పడవల) మీద బియ్యం బస్తాలు తీసుకెళ్లి ఎక్కిస్తారు, రేవు రాష్ట్ర ప్రభుత్వానిది, బార్జీలు ప్రైవేటోళ్లవి. పెద్ద క్రేన్లు, లోతైన బెర్తులు లేకుండానే లక్షల టన్నులు పంపొచ్చని చూపించింది. నది రేవు పెట్టేవాళ్లు రోటర్‌డామ్ కంటే ముందు కాకినాడ వెళ్లి రావాలి అనేది నా అభిప్రాయం, ఖర్చు కూడా తక్కువ, కాజాలు తెచ్చుకోవచ్చు.

సరే, తేల్చుకునేటప్పుడు ఏం అడగాలి

ఓనర్ ఎవరు అనేదాని మీద జనం ఎక్కువ కొట్టుకుంటారు గానీ నన్నడిగితే మూడే ప్రశ్నలు: లోతు ఎవరు చూస్తారు, వరదొస్తే ఎవరు చూస్తారు, రేటు ఎవరు నిర్ణయిస్తారు.

లోతు సంగతి. హుగ్లీ ఇసుక వల్ల కలకత్తా పోర్టుకి డ్రెడ్జింగ్ ఎప్పుడూ తలనొప్పే, ఏళ్లపాటు కేంద్రం సబ్సిడీ ఇచ్చి నిలబెట్టింది. మన కృష్ణలో వేసవికి నీళ్లెంత ఉంటాయో బ్యారేజీ మీద నడిచే ఎవడికైనా తెలుసు. లీజుకి తీసుకున్నోడు "లోతు ఇవ్వలేదు కాబట్టి అద్దె కట్టను" అంటాడు, ఓనర్ "ఎగువ నుంచి నీళ్లు రాలేదు" అంటాడు, ఇద్దరూ కోర్టుకెళ్తారు. కాబట్టి ఏ నెలలో ఎన్ని మీటర్లు, కొలిచేదెవరు, తగ్గితే అద్దె ఎంత తగ్గుద్ది అని నెలలవారీ పట్టిక ఒప్పందానికి కుట్టేయాలి. దీన్ని ప్రైవేటు మీద మొత్తం నెట్టేద్దాం అనుకుంటే ఆ రిస్కుకి సరిపడా రేటు పెంచే బిడ్డు వేస్తాడు, ఊరికే ఏదీ రాదు.

వరద సంగతి 2024 సెప్టెంబర్ ఒకటో తారీఖు తర్వాత ఎవరికీ చెప్పక్కర్లేదు. 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు తాళ్లు తెంచుకుని వచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లని (గేట్లు ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మెలని) గుద్దినయ్, ఇరుక్కున్న ఇసుక పడవల్ని తీయడానికి రోజుల తరబడి పట్టింది. అవి మామూలు పడవలు. రేపు వందల టన్నుల బార్జీలు ఇబ్రహీంపట్నంలో కట్టేసి ఉంటే, ఎగువన పులిచింతల నుంచి నీళ్లు వదిలారని ఫోనొచ్చిన గంటలో ఎవరు ఎక్కడికి తరలించాలి, బార్జీని కట్టే మోరింగ్ తాడు ఎంత మందం, ఎవరు రోజూ చెక్ చేయాలి? ఈ అధికారం రేవులో పడవల రాకపోకలు చూసే హార్బర్ మాస్టర్‌ది, ఆయన ఓనర్ ఉద్యోగి అయ్యుండాలి, టెర్మినల్ కంపెనీ జీతగాడు అయితే లోడింగ్ మధ్యలో ఆపమని చెప్పే ధైర్యం చేయలేడు. నాలుగు దార్లలో ఏది ఎంచుకున్నా ఈ ఒక్క కుర్చీని మాత్రం లీజుకివ్వకూడదు.

రేట్ల సంగతి. ఒకప్పుడు మేజర్ పోర్టుల రేట్లు నిర్ణయించడానికి ట్యాంప్ అని ఒక సంస్థ ఉండేది, 2021 చట్టంతో ఆ పని పోర్టు బోర్డులకే వచ్చింది. ఓనర్ సంపాదన ఎట్టా అనేదాంట్లో ఒక పాఠం ఉంది. మన దేశంలో చాలాకాలం ఆదాయంలో ఎవరు ఎక్కువ వాటా ఇస్తామంటే వాళ్లకి టెర్మినల్ ఇచ్చారు, పోటీలో పెద్ద పెద్ద శాతాలు రాసేసి తర్వాత నడపలేక గొడవలకి దిగారు, 2018లో కేంద్రం నమూనా ఒప్పందం మార్చి టన్నుకింత రాయల్టీ అని పెట్టింది. ఊరి రేవుకి కూడా టన్నుకింత, దాంతోపాటు ఏడాదికి కనీసం ఇంత సరుకు తెస్తానని హామీ, ఇది నాకు సబబుగా కనపడుద్ది. ఎక్కువ శాతం రాసినోడిని చూసి చప్పట్లు కొట్టకండి, యార్డులో వేలంపాటలో రేటు పెంచేసి తర్వాత సరుకు బాగాలేదని కోత పెట్టేవాడు గుర్తొస్తాడు నాకు.

ఇంకో లెక్క చాలామందికి తెలియదు. రెండు బెర్తులే ఉన్న రేవులో బెర్తులు సగం కాలం నిండి ఉంటే అది బాగా నడుస్తున్నట్టే. ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్ పాత లెక్క ప్రకారం ఒక్క బెర్తుకి 40 శాతం, రెండిటికి 50, ఆరు, ఆపైన ఉంటేనే 70. అంతకు మించితే ఓడలు క్యూ కడతయ్. "సగం ఖాళీగా ఉంది, దండగ" అని ఏ కౌన్సిలర్ అయినా లేచి అరిస్తే ఈ లెక్క చూపించండి.

నేనైతే ఏది ఎంచుకుంటా

రాష్ట్రం, కార్పొరేషన్, వీలైతే మార్కెట్ కమిటీ కూడా వాటాదార్లుగా ఒక కంపెనీ, అంటే రెండో దారి. ఆ కంపెనీ క్రేన్లు కొనకుండా ఒక బెర్తుని లీజుకిచ్చి, రెండోదాన్ని కామన్ యూజర్‌గా తన చేతిలో ఉంచుకోవాలి, అది మూడో దారి. రెండిటినీ కలిపితే మామయ్యకీ బావకీ చెరి సగం దక్కినట్టు, ఇద్దరూ నా మీద కోపంగానే ఉన్నారు.

సిమెంటు, బొగ్గు లాంటి ఒకే రకం సరుకు, ఒకే పెద్ద కస్టమర్ ఉన్న రేవు అయితే మాత్రం నేను కూడా బావ వైపే, ప్రైవేటుకి ఇచ్చేయండి, ఊరు దాని మీద తల బద్దలు కొట్టుకోడం అనవసరం. రకరకాల చిన్న సరుకులు, బస్తాల మోత, హమాలీలు ఎక్కువ ఉండే చోట మాత్రం ఊరి చెయ్యి ఉండాలి. పూర్తి డిపార్ట్‌మెంట్ పద్ధతి నేను ఎవరికీ చెప్పను, విడి పర్సు, విడి బోర్డు చట్టంలో రాసిస్తే తప్ప. ఇంక సముద్రం మీద పెద్ద పోర్టు అయితే ఊరి స్థాయి దాటిపోయింది, ఆ ముచ్చట రాష్ట్రానికి వదిలేయడమే.

లీజు కాగితంలో మర్చిపోయేవి కొన్ని: ముప్పై ఏళ్లయ్యాక క్రేన్లు ఏ స్థితిలో అప్పజెప్పాలి, లీజు స్థలంలో గోడౌన్ బదులు కల్యాణమండపం కట్టకుండా ఎవరు చూస్తారు, సబ్ లీజు ఇస్తే ఏంటి. ఈ చివరిది మామయ్య చెప్పిందే, షాపు ఒకడి పేరు మీద, గుడ్‌విల్ తీసుకుని నడిపేది ఇంకొకడు, అద్దె బాకీ మాత్రం ఊరికి, ఆయన సర్వీసంతా అదే చూశాడు.

ఇదంతా మొన్న యార్డులో మా హమాలీ మేస్త్రీకి చెప్తుంటే బీడీ ఆర్పేసి "అది సరే బాబూ, కాటా ఎవురిది?" అన్నాడు. నేను రాసుకున్న పేజీల్లో ఎక్కడా అది లేదు. రేవు గేటు దగ్గర వేబ్రిడ్జి లీజుదారుడిదైతే టన్నుకింత రాయల్టీ లెక్క కూడా వాడి కాటా మీదే నడుస్తది. లిస్టులో మొదటి లైన్లో రాసుకున్నా: కాటా కంపెనీది, తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా, రీడింగ్ బోర్డు లారీ డ్రైవర్‌కి కనపడే వైపు.